అమెరికాలో ప్రభుత్వంపై నమ్మకం ఎప్పుడు సడలింది?

అమెరికా అధ్యక్షుడికి ఆదరణ తగ్గిందని సర్వే వస్తే చాలు, మన చానళ్లు ఆ ఒక్క అంకె మీదే గంటసేపు చర్చ నడుపుతాయి. అంతకంటే ముఖ్యమైన అంకె ఇంకొకటి ఉంది: అసలు ప్రభుత్వాన్నే నమ్మేవాళ్లు ఎంతమంది అన్నది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఈ సర్వేల కథ ఓ పెద్ద పొరపాటుతో మలుపు తిరిగింది. 1936 అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కబెట్టి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన రిపబ్లికన్ లాండన్‌దే గెలుపని రాసింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కే దక్కాయి. పత్రిక అడ్రసులు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు డబ్బున్నవాళ్లేనని వేరే చెప్పక్కర్లేదు. చాలా తక్కువమందిని అడిగిన సర్వే నిపుణుడు జార్జ్ గాలప్ మాత్రం రూజ్‌వెల్టే గెలుస్తాడన్నాడు. అయితే 1948 ఎన్నికల్లో ట్రూమన్ ఓడిపోతాడని చెప్పి ఆయనా తప్పాడు. ట్రూమనే గెలిచాడు.

అధ్యక్షుడి పనితీరు నచ్చిందా లేదా అని గాలప్ పెట్టిన సర్వే సంస్థ అడిగే ప్రశ్నకు జవాబు ఇట్టే మారిపోతుంది. గల్ఫ్ యుద్ధం ముగిసిన 1991లో సీనియర్ బుష్‌కు 89 శాతం వచ్చింది. మరుసటి ఏడాదే ఆయన ఓడిపోయాడు.

వాషింగ్టన్ ప్రభుత్వం సరైన పనే చేస్తుందని నమ్ముతారా అన్నది వేరే ప్రశ్న. 1958లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు అడిగినప్పుడు నలుగురిలో ముగ్గురి దాకా నమ్ముతామన్నారు. వియత్నాం యుద్ధం, అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1970ల చివరికి అది మూడో వంతు కంటే దిగువకు పడింది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత కొన్నాళ్లు లేచినా నిలవలేదు. అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ పనితీరును మెచ్చుకునేవాళ్లు 2013 నవంబర్‌లో 9 శాతమే. 2022లో అక్కడి సుప్రీంకోర్టు మీద గట్టి నమ్మకం ఉందన్నవాళ్లు 25 శాతం. ఇదంతా ఫలానా నాయకుడి వల్లే అనడం తేలిక. కానీ ఈ జారుడు మొదలయ్యేనాటికి ఇప్పటి నాయకుల్లో చాలామంది రాజకీయాల్లోకే రాలేదు.

సర్వే సంస్థలకూ ఇప్పుడు జవాబిచ్చేవాళ్లు కరువయ్యారు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ ఫోన్ సర్వేల్లో 1997లో స్పందన 36 శాతం. 2018కి అది 6 శాతం. జవాబిచ్చేవాళ్లలోనూ బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువ. 2016 అధ్యక్ష ఎన్నికల్లో చాలా రాష్ట్రాల సర్వేలు ఆ తేడాను సరిచేయకుండానే లెక్కలు వేశాయి, ట్రంప్ బలాన్ని తక్కువగా చూపాయి. తర్వాత చాలామంది పద్ధతి మార్చుకున్నారు. అయినా 2020లో జాతీయ సర్వేల్లో తప్పు అంతకంటే ఎక్కువే వచ్చింది.