గ్యాస్ ప్లాంటూ బియ్యం మరే: అపోహలు - వాస్తవాలు

పశ్చిమ టెక్సాస్‌ గ్యాస్ ప్లాంట్లలో ప్రాసెస్ ఇంజినీరుగా చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంటున్నాను. పండగకు నలుగురం కలిస్తే ఎవరో ఒకరు అడుగుతారు: "గ్యాస్ ధర పెరుగుతోందట, ఆ కంపెనీల షేర్లు కొనమంటారా?" ఏ కంపెనీలని అడిగితే మాత్రం జవాబుండదు. నేను చెప్పేది బావి గ్యాస్‌ను శుద్ధి చేసి, అందులోని ద్రవాలను విడదీసే కంపెనీల గురించి.

అపోహ: ఎన్‌జీఎల్, ఎల్‌ఎన్‌జీ, ఎల్‌పీజీ అన్నీ ఒకటే.

కావు. మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చిన మీథేన్ ఎల్‌ఎన్‌జీ. బావిలోంచి మీథేన్‌తో కలిసి వచ్చే బరువైన సరుకు ఎన్‌జీఎల్, అంటే సహజవాయు ద్రవాలు: ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్, ఐసోబ్యూటేన్, సహజ గ్యాసోలిన్. ప్రొపేన్, బ్యూటేన్ కలిస్తే ఎల్‌పీజీ, మన వంటింటి సిలిండర్. ఈథేన్ మన ఇంటికి ప్లాస్టిక్ బకెట్ రూపంలో వస్తుంది.

అపోహ: బావి గ్యాస్‌ను పైపులోకి వదలడమే ప్లాంటు పని.

ముందు అమైన్ ద్రావణంతో హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ కడిగేయాలి. తర్వాత మాలిక్యులర్ సీవ్‌లతో తేమ చుక్క మిగలకుండా పీల్చాలి. అప్పుడే గ్యాస్ టర్బో ఎక్స్‌పాండర్‌కు వెళ్తుంది. అధిక పీడనంలో ఉన్న గ్యాస్ అక్కడ ఒక్కసారిగా వ్యాకోచించి చక్రాన్ని తిప్పుతుంది, ఆ పనికి తన వేడినే ఖర్చు పెట్టి మైనస్ 90 కిందికి చల్లబడుతుంది. ఈథేన్, దానికంటే బరువైనవన్నీ ద్రవమవుతాయి, మీథేన్ వాయువుగానే పైకి పోతుంది. ఒక రాత్రి మా ప్లాంటులో డ్రయ్యర్ వాల్వు సరిగా మూసుకోలేదు. ఆ కాస్త తేమే లోపల గడ్డకట్టి దారి మూసేసింది, దాన్ని కరిగించేసరికి రెండు రోజులు పట్టింది. తేమ మీటరును నమ్మని అలవాటు నాకు అప్పటిదే.

ఆ ద్రవాల మిశ్రమాన్ని వై-గ్రేడ్ అంటాం. అది పైపుల్లో హ్యూస్టన్‌కు తూర్పున ఉన్న మాంట్ బెల్వ్యూ చేరుతుంది. అక్కడి స్తంభాల్లో ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ వరుసగా విడిపోయి, భూగర్భ ఉప్పు గుహల్లో నిల్వ ఉంటాయి. గ్యాలన్‌కు ఇన్ని సెంట్లని మార్కెట్ చెప్పుకునే ధర ఆ ఊరిదే.

అపోహ: ఈథేన్ ఎంత తీస్తే అంత లాభం.

గ్యాస్‌లోనే వదిలేస్తే ఈథేన్ ఇంధనంగా అమ్ముడవుతుంది. అలా వచ్చే డబ్బే ఎక్కువైతే, పైపులైను ఉష్ణవిలువ పరిమితి (గ్యాస్ కాలితే వచ్చే వేడి ఇంతకు మించకూడదనే షరతు) ఒప్పుకున్నంత మేరకు దాన్ని తీయకుండా వదిలేస్తాం. కానీ పశ్చిమ టెక్సాస్‌లోని పెర్మియన్ చమురు-గ్యాస్ బేసిన్‌లో, వాహా అనే గ్యాస్ అమ్మకాల కేంద్రం దగ్గర ధర 2019లోనూ 2024లోనూ సున్నా కిందికి పోయింది. వదిలేసి లాభం లేనప్పుడు తీయడమే మేలు.

అపోహ: గ్యాస్ ధర పెరిగితే ఈ కంపెనీల లాభం పెరుగుతుంది.

జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. గ్యాస్ ప్లాంటును బియ్యం మర అనుకోండి. ధాన్యం రైతుది, మర కంపెనీది. బస్తాకు ఇంత అని కూలి తీసుకోవడం ఒక పద్ధతి. ఆడించిన సరుకు అమ్మగా వచ్చినదాంట్లో వాటా తీసుకోవడం రెండోది. మూడోది చిత్రమైనది: తవుడు, నూకలు మర యజమానివే, కానీ తరిగిన తూకం మేరకు బియ్యం తన జేబులోంచి కొని రైతుకు పూడ్చాలి. మా భాషలో దీన్ని కీప్-హోల్ అంటారు. తవుడంటే ద్రవాలు, బియ్యమంటే గ్యాస్. ద్రవాల ధర కదలకుండా గ్యాస్ ధర పెరిగితే, అలాంటి ఒప్పందం ఉన్న కంపెనీకి నష్టమే. అందుకే నేను ధరల పటం కంటే ముందు వార్షిక నివేదిక తెరిచి, మార్జిన్‌లో స్థిర రుసుము వాటా ఎంతో వెతుకుతాను.

అపోహ: అంతా రుసుమే అయితే భయం లేదు.

ధాన్యం రాని మరకు కూలి ఎక్కడిది? షేల్ బావి ఉత్పత్తి తొలి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. కొత్త బావులు తవ్వుతూ ఉంటేనే ప్లాంటు నిండుతుంది. 2020 మార్చిలో చమురు ధర కూలి కొత్త తవ్వకాలపై దెబ్బ పడినప్పుడు, ఇలాంటి ప్లాంట్లు నడిపే టార్గా రిసోర్సెస్ తన త్రైమాసిక డివిడెండును 91 సెంట్ల నుంచి 10 సెంట్లకు కోసింది. కాబట్టి అప్పు ఎంతుందో, ఏ బేసిన్ మీద ఆధారపడిందో కూడా చూడాలి.

అపోహ: ఇదంతా అమెరికా గొడవ.

రిలయన్స్ ప్రత్యేక ఓడల్లో అమెరికా ఈథేన్‌ను గుజరాత్‌లోని దహేజ్‌కు తెచ్చుకుంటోంది. భారత్ వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా దిగుమతే.

అపోహ: చేతికి వచ్చేదంతా డివిడెండే.

ఈ రంగంలో వన్‌ఓక్, టార్గా మామూలు కార్పొరేషన్లు. ఎంటర్‌ప్రైజ్ ప్రొడక్ట్స్, ఎంపీఎల్‌ఎక్స్ భాగస్వామ్యాలు. ఈ భాగస్వామ్యాల్లో వాటాదారుకు కే-1 అనే అమెరికా పన్ను పత్రం వస్తుంది. చెల్లింపులో చాలా భాగం పెట్టుబడి తిరిగి ఇచ్చినట్టు లెక్క, అంత మేర మీ కొనుగోలు విలువ తగ్గుతుంది, పన్ను అమ్మినప్పుడు పడుతుంది. అమెరికాలో పదవీ విరమణ పొదుపు ఖాతాలో పెట్టుకుంటే, భాగస్వామ్యపు వ్యాపారంలో మీ వాటాకు లెక్కగట్టిన ఆదాయం ఏడాదికి 1,000 డాలర్లు దాటినప్పుడు ఖాతాయే పన్ను కట్టాల్సి రావచ్చు. హైదరాబాద్‌లో కూర్చుని కొనేవారికి ఇంకా కష్టం: పంపిణీపై అత్యధిక రేటున పన్ను పట్టుకుంటారు. 2023 నుంచి అమ్మినప్పుడు, లాభం వచ్చినా రాకపోయినా, సాధారణంగా మొత్తం సొమ్ములో 10 శాతం బ్రోకరు ఆపేస్తాడు. మా బావమరిదికి ఈ సంగతి అమ్మిన మర్నాడు తెలిసింది.