గట్టి షాఫ్ట్ వేయిస్తే ఇరుసు భద్రమేనా? – ఆఫ్‌రోడ్ బండ్లపై అపోహలు, వాస్తవాలు

లిఫ్ట్ చేసి (బాడీని ఎత్తు పెంచి), పెద్ద టైర్లు తొడిగిన మారుతి జిమ్నీనో జిప్సీనో లారీ మీద మా వర్క్‌షాపుకు చేరిన ప్రతిసారీ, ఇరుసు విప్పకముందే యజమాని తీర్పు సిద్ధంగా ఉంటుంది: కంపెనీ షాఫ్ట్ (ఇరుసులో చక్రాన్ని తిప్పే కడ్డీ) నాసిరకం, క్రోమోలీది (క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి ఉక్కుది) వేయిస్తే జన్మలో మళ్లీ విరగదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఈ మాటకు జనం పెట్టే ఖర్చు మరే అపోహకూ పెట్టరు.

జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు, 31 అంగుళాల మడ్ టైరుది సుమారు 787. టైరు జారేలోగా షాఫ్ట్ మోయవలసిన టార్క్ (తిప్పే బలం) టైరు వ్యాసార్ధాన్ని బట్టి పెరుగుతుంది కనుక, పట్టులో తేడా లేకపోయినా భారం దాదాపు 14 శాతం ఎక్కువవుతుంది. గాలి తగ్గించి నడిపే మడ్ టైరుకు పట్టు ఎలాగూ అదనం. దానికి లాకర్ (ఇరుసుకు రెండు వైపులా ఉన్న చక్రాలను కలిపి ఒకే వేగంతో తిప్పేది) కూడా తోడైతే, ఒక చక్రం గాలిలోకి లేచిన క్షణాన టార్క్ అంతా రెండో షాఫ్ట్ మీదే పడుతుంది. అంతవరకు తాను తెగి మిగతావాటిని కాపాడుతున్న షాఫ్ట్‌ను తీసేసి గట్టిది వేయడమంటే, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మందపాటి తీగ చుట్టడమే. ఆ దెబ్బ తిన్నగా క్రౌన్ పినియన్‌కు, అంటే ఇంజను శక్తిని ఇరుసులోకి మళ్లించే పళ్ల చక్రాల జతకు వెళ్తుంది. స్పేరు ఉంటే షాఫ్ట్‌ను దారిలోనే మార్చుకోవచ్చు, క్రౌన్ పినియన్‌కు మాత్రం షిమ్‌లు (పలుచని రేకులు) సరిచేసి, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ) కొలిచి, పళ్లకు రంగు పూసి ఆనిక చూసుకోవాలి.

నిరుడు వికారాబాద్ గుట్టల నుంచి బండి తెప్పించుకున్న ఒక కుర్రాడు, “అన్నా, నా డ్రైవింగే తప్పా?” అని భయం భయంగా అడిగాడు. డ్రెయిన్ ప్లగ్ విప్పగానే నూనెతోపాటు వేలిగోరంత పళ్ల ముక్కలు ట్రేలో టకటకా రాలాయి. క్రోమోలీ షాఫ్ట్ మీద గీత కూడా పడలేదు. అంతకుముందు విరిగిన కంపెనీ షాఫ్ట్‌ను అతను డిక్కీలోనే దాచుకున్నాడు. విరిగిన ముఖం మీద అంచున నెలవంకలాగా నల్లబడిన మరక, మిగిలిన భాగమంతా మెరిసే కొత్త లోహం. నల్లటి చోట పగులు ఎప్పుడో మొదలైంది, ఆ రోజు రాయి చేసిందల్లా మిగతాది తెంచడమే. అతణ్ని తిట్టబుద్ధి కాలేదు, ఎందుకంటే గాలిలో గిర్రున తిరుగుతున్న చక్రం నేలకు తగిలే క్షణంలో యాక్సిలరేటర్ వదలకుండా నా జిప్సీ షాఫ్ట్‌ను నేనే విరగ్గొట్టుకున్నాను.

నన్నడిగితే చాలామందికి కంపెనీదానికంటే కాస్త పెద్దదైన 235/75 టైరు సరిపోతుంది, కంపెనీ షాఫ్ట్ ఒకటి స్పేరుగా పెట్టుకుంటే చాలు. 31 అంగుళాలు, లాకర్ రెండూ కావాలనేవారు షాఫ్ట్‌తో ఆగకుండా క్రౌన్ పినియన్, హౌసింగ్ (ఇరుసు బయటి తొడుగు)ల ఖర్చు కూడా మొదటే లెక్కవేసుకోవాలి.

మిగతా పుకార్లకు ఇంత ఓపిక లేదు. లిఫ్ట్ కిట్ వేస్తే ఇరుసు నేల నుంచి పైకి లేస్తుందన్నది జిమ్నీ విషయంలో అబద్ధం, బాడీ లేస్తుందే తప్ప డిఫరెన్షియల్‌ను (ఇరుసు మధ్యలో కిందికి ఉబ్బిన పళ్ల చక్రాల పెట్టెను) లేపేది టైరు ఒక్కటే. మహీంద్రా థార్‌లోనైతే లిఫ్ట్ వల్ల ముందు సీవీ జాయింట్ల (చక్రాలకు శక్తినందించే వంగే కీళ్ల) వంపు పెరిగి అవి త్వరగా అరుగుతాయి. చక్రం వెనుక బిగించే దిమ్మెలైన స్పేసర్లు చక్రాన్ని ఎంత బయటికి నెడితే బేరింగు మీద భారం అంత పెరుగుతుంది. వాగు దాటడానికి స్నార్కెల్ (ఇంజను గాలి పీల్చుకునే ఎత్తైన గొట్టం) ఉంటే చాలదు, వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ల గుండా నీటిని పీల్చుకుంటుంది. ఇరుసు లోపలికీ బయటికీ గాలి ఆడే బ్రీదర్ గొట్టాన్ని పైకి తెచ్చుకోండి, నూనె పాలలాగా తెల్లబడితే ఆ వారమే మార్చండి.

ఇక షాఫ్ట్ బయటికి తీసిన రోజున దాని పొడవునా తెల్ల రంగుతో తిన్నని గీత గీయించండి. మళ్లీ తీసినప్పుడు ఆ గీత మెలి తిరిగి కనిపిస్తే, అప్పటికి విరగకపోయినా సరే, ఆ షాఫ్ట్‌ను స్పేరుగా కూడా డిక్కీలో పెట్టుకోవద్దు.