వాన నీళ్లు, మొక్కలు: విశాఖ డాబాల మీద వినిపించే అపోహలు, అసలు సంగతులు

అపోహ: వాన నీళ్లు శుభ్రమే, నేరుగా డ్రమ్ములోకి వదిలేయొచ్చు.

వాన శుభ్రమే, డాబా కాదు. పోర్టు చుట్టుపక్కల ఇళ్లలో పిట్టగోడ మీద వేలు రాస్తే నల్లగా అంటుతుంది. ఆ పొడి, పావురాల రెట్ట, ఎండుటాకులు తొలి జల్లుతోనే దిగుతాయి. కాబట్టి మొదటి 1 మిల్లీమీటరు వానను బయటికి పంపేయాలి. చదరపు మీటరు మీద 1 మి.మీ. పడితే 1 లీటరు. 500 చదరపు అడుగుల డాబాకి దాదాపు 46 లీటర్లు. నీళ్లు రెండు గొట్టాల్లో దిగుతుంటే ఒక్కోదానికి అందులో సగం.

చాలామంది రెండడుగుల పొడవు, 4 అంగుళాల వ్యాసం ఉన్న గొట్టం ముక్కకి అడుగున మూత (ఎండ్ క్యాప్) బిగించి సరిపెడతారు. అందులో పట్టేది 5 లీటర్లే, మిగతా మురికంతా డ్రమ్ములోకే. దిగే గొట్టానికి టీ (T ఆకారపు జాయింటు) వేసి, దాని కింద బిగుతు మూత ఉన్న 50 లీటర్ల డబ్బా కలపండి. అది నిండాకే నీళ్లు పక్క దారిలో ట్యాంకుకి వెళ్తాయి. డబ్బా అడుగున చిన్న కుళాయి పెట్టి, చుక్కచుక్కగా కారేలా వదలండి. లేకపోతే తర్వాతి వానకి డబ్బా నిండే ఉంటుంది, పెట్టీ లాభం ఉండదు. ఈ కుళాయి బురదతో తరచూ మూసుకుపోతుంది, వారానికోసారి పూర్తిగా తిప్పి కడగాలి.

అపోహ: నీళ్లు నిలవుంటే దోమలు తప్పవు.

దారి ఉంటేనే వస్తాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకి వారం, పది రోజుల్లో చేరుతుంది. లోపలికొచ్చే గొట్టానికి అందరూ జాలీ కడతారు, ట్యాంకు నిండాక నీళ్లు బయటికి పోయే పొంగు గొట్టం మూతిని మర్చిపోతారు. మూత మీద గుంటలో నిలిచిన గ్లాసుడు నీళ్లు కూడా చాలు. కిరోసిన్ మాత్రం పోయకండి, ఆ నీళ్లు మొక్కలకి పనికిరావు.

అపోహ: పెద్ద ట్యాంకు పెడితే వేసవికీ సరిపోతుంది.

12 అంగుళాల కుండీలు 30 ఉంటే రోజుకు 30 లీటర్లు. మూడు నెలల వేసవికి 2,700 లీటర్లు, ఎండకి ఇంకా ఎక్కువే. అంటే మూడు టన్నుల బరువు. ఇంజనీరును అడగకుండా స్లాబు మీద పెట్టే సంగతి కాదు. 500 లీటర్ల నల్ల ట్యాంకు వానకీ వానకీ మధ్య పదిహేను రోజులు ఆదుకుంటుంది, అది చాలు. 20 మి.మీ. వాన పడితే అదీ పొంగుతుంది. పొంగు గొట్టం లోపలికొచ్చేదానంత లావుండాలి, నీళ్లు పునాదికి 3 మీటర్ల దూరంలో ఇంకుడు గుంతలోకి పోవాలి.

అపోహ: బోరు నీళ్లుండగా ఇదెందుకు?

తీరం దగ్గర కొన్ని బోర్లు ఉప్పన. ఆకు అంచులు మాడి, కుండీకి తెల్లటి పొర కడితే అదే కారణం కావచ్చు. అడుగు రంధ్రం నుంచి కారేదాకా వాన నీళ్లు పోస్తే మట్టిలో ఉప్పు దిగిపోతుంది. ఆకుకూరలకి మాత్రం మొక్క మొదలు దగ్గరే పోయండి, ఆకుల మీద కాదు.

అపోహ: తుపాను వస్తుందంటే ట్యాంకు ఖాళీ చేయాలి.

సరిగ్గా తలకిందులు. ఖాళీ డ్రమ్ము గాలికి లేచిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకి ఆ గాలి సంగతి చెప్పక్కర్లేదు. నేల మీదున్న ట్యాంకుని నింపి, మూత తాడుతో కట్టేయండి. ఖాళీ డబ్బాలు, మగ్గులు ఇంట్లోకి తెచ్చేయండి.