విజిట్ వీసా మీద వెళ్లి అక్కడే పెళ్లి: అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని ఇమిగ్రేషన్ లాయర్లకు హైదరాబాద్ నుంచి కాగితాలు సిద్ధం చేసి పంపడం నా పని. నేను లాయర్‌ని కాను. కానీ లాయర్ దగ్గరికి వెళ్లకముందే ఇంట్లో తీసేసుకున్న నిర్ణయాలన్నీ ముందు నా టేబుల్ మీదకే వస్తాయి. వాటిలో తరచూ వినేది ఇది: "అమ్మాయికి ఎలాగూ పదేళ్ల విజిట్ వీసా ఉంది కదా సార్. వెళ్లి అక్కడే మూడు ముళ్లు వేయించేస్తే, గ్రీన్ కార్డుకి అక్కణ్నుంచే అప్లై చేసుకుంటారు." డాలస్‌లో ఎవరో మేనత్త కొడుకు పెళ్లి అలాగే జరిగిందట. జరిగే ఉంటుంది. ఆ కథ చెప్పేవాళ్లు వదిలేసే సంగతుల గురించే ఈ పోస్టు.

అపోహ: అబ్బాయి అమెరికాలో సెటిల్ అయ్యాడు కాబట్టి దారి ఉన్నట్టే.

"సెటిల్" అనే మాటకి ఇమిగ్రేషన్ ఫారాల్లో కాలమ్ లేదు. అబ్బాయి సిటిజనా, గ్రీన్ కార్డు హోల్డరా, హెచ్-1బి మీద ఉన్నాడా? నేను మొదట అడిగేది ఇదే. సంబంధం కుదుర్చుకున్న పెద్దవాళ్లలో చాలామందికి దీని జవాబు తెలియదు. జీతం ఎంతో, ఇల్లు ఎక్కడ కొన్నాడో మాత్రం ఠక్కున చెప్తారు.

సిటిజన్‌ని పెళ్లి చేసుకుంటే భార్యకి ఏటా ఇన్నే గ్రీన్ కార్డులు అన్న పరిమితి ఉండదు. ఎంట్రీ దగ్గర ఆఫీసర్ తనిఖీ అయి చట్టబద్ధంగా దేశంలోకి వచ్చి ఉంటే, ఐ-130 (భార్య కోసం భర్త వేసే పిటిషన్), ఐ-485 (గ్రీన్ కార్డు అప్లికేషన్) కలిపి అక్కడి నుంచే వేసుకునే వీలుంది. మేనత్త కొడుకు సిటిజన్ అయ్యుంటాడు.

గ్రీన్ కార్డు హోల్డర్ అయితే లెక్క వేరు. అది ఎఫ్2ఎ కేటగిరీ, అంటే గ్రీన్ కార్డు హోల్డర్ల భార్యాభర్తలు, పిల్లల క్యూ. నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో తమ తేదీ వచ్చేదాకా ఆగాలి, అన్నాళ్లూ స్టేటస్ చెడకుండా ఉండాలి. ఆరు నెలల విజిట్ మీద అది సాధారణంగా జరిగే పని కాదు. హెచ్-1బి అబ్బాయి అయితే గ్రీన్ కార్డు ఊసే లేదు, భార్యకి వచ్చేది డిపెండెంట్ వీసా, హెచ్-4. ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) గడువు ఉండగా అక్కడే స్టేటస్ మార్చమని ఐ-539 ఫారం వేయవచ్చు. అంతకన్నా ఇక్కడే పెళ్లి చేసుకుని, సబ్ రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో హెచ్-4 ఇంటర్వ్యూకి వెళ్లడం శుభ్రమైన పద్ధతి అని నా అభిప్రాయం.

అపోహ: టూరిస్టుగా వెళ్లి పెళ్లి చేసుకోవడమే నేరం.

కాదు. పెళ్లి చేసుకుని తిరిగొచ్చేస్తాను అని ఆఫీసర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి వెళ్లి, చేసుకుని వచ్చేసినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత ఐ-130 వేసి, ముంబై కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకి వెళ్తారు. అక్కడి కౌంటీ ఆఫీసులో మ్యారేజ్ లైసెన్స్ తీసుకోవడానికి సిటిజన్ అయ్యుండాల్సిన పని లేదు. టెక్సస్‌లో లైసెన్స్ చేతికొచ్చాక మామూలుగా 72 గంటలు ఆగాలి, 90 రోజుల్లోపు పెళ్లి అయిపోవాలి. గుడిలో ఎంత ఘనంగా చేసినా, పంతులుగారు ఆ లైసెన్స్ మీద సంతకం పెట్టి అది మళ్లీ కౌంటీకి చేరితేనే సర్టిఫికెట్ వస్తుంది. ముహూర్తం ముందు పెట్టుకుని లైసెన్స్ సంగతి తర్వాత చూసుకునేవాళ్లకి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: 90 రోజులు ఆగి అప్లై చేస్తే ఎవరూ ఏమీ అడగరు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. కొంచెం వివరంగా చెప్తాను.

90 రోజుల రూల్ అనేది అమెరికా స్టేట్ డిపార్ట్‌మెంట్ తన కాన్సులర్ ఆఫీసర్ల మాన్యువల్‌లో 2017 సెప్టెంబర్‌లో పెట్టుకున్నది. అంతకుముందు 30/60 రోజుల లెక్క ఉండేది. విజిట్ మీద వచ్చిన మనిషి 90 రోజుల్లోపే సిటిజన్‌నో గ్రీన్ కార్డు హోల్డర్‌నో పెళ్లి చేసుకుని కాపురం పెట్టేస్తే, వచ్చేటప్పుడే అబద్ధం చెప్పారని అనుకోవచ్చు అని దాని సారాంశం. 91వ రోజు నుంచి అంతా మాఫీ అని అందులో ఎక్కడా లేదు. పైగా గ్రీన్ కార్డు ఫైలు చూసే యూఎస్‌సీఐఎస్‌కి ఆ రూల్ కట్టుబాటు కాదు, వాళ్లు మొత్తం పరిస్థితి చూస్తారు.

వాళ్లు చూసేది ఏమిటంటే, మీరు ముందు ఏం చెప్పారు అని. విజిట్ వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో, అమెరికాలో దగ్గరి బంధువులు ఎవరైనా ఉన్నారా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఆ జాబితాలో భర్త, భార్య, అన్నదమ్ములతో పాటు పెళ్లి నిశ్చయమైన వ్యక్తి కూడా ఉంటారు. నిశ్చితార్థం అయిపోయి, న్యూజెర్సీలో హాల్ బుక్ చేసి, ఆ ప్రశ్న దగ్గర "నో" కొట్టి, ప్రయాణం ఎందుకు అన్నచోట "టూరిజం" అని పెట్టిన ఫారం ప్రింటవుట్‌ని ఒక నాన్నగారు నా ముందు పెట్టారు. ఎవరో ఏజెంటు నింపిచ్చాడట. "చిన్న విషయమే కదా సార్" అన్నారాయన. "చిన్నదే అయినా సంతకం మీ అమ్మాయిదండీ" అన్నాను. ఇంకా ఇంటర్వ్యూ కాలేదు కాబట్టి కొత్త ఫారం నింపించాం. ఎయిర్‌పోర్టులో అధికారులు సూట్‌కేసు తెరిచి చూడవచ్చు, ఫోన్ చూడవచ్చు. "అన్నయ్యని చూడ్డానికి" అంటున్న అమ్మాయి పెట్టెలో మధుపర్కాలు, మెట్టెలు, రెండు వందల శుభలేఖలు కనిపిస్తే ఇక చెప్పడానికి ఏముంటుంది?

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. వచ్చేటప్పుడే మనసులో ఉండిపోవాలనే ఆలోచన ఉంది అన్న ఒక్క కారణంతో సిటిజన్ భార్య అప్లికేషన్‌ని మామూలుగా తోసిపుచ్చరు. 1980లో కవాజోస్ కేసులో అక్కడి ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఇదే దారి పట్టింది. కానీ మనసులో ఉండటం వేరు, ఆఫీసర్ అడిగితే కాదని చెప్పడం వేరు. ఉద్దేశపూర్వకంగా అబద్ధం చెప్పారని రాస్తే ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. తప్పించుకోవాలంటే ఐ-601 (మినహాయింపు కోరే ఫారం) వేసి, భర్తకో, సిటిజనో గ్రీన్ కార్డు హోల్డరో అయిన తల్లిదండ్రులకో తీవ్రమైన ఇబ్బంది కలుగుతుందని రుజువు చేయాలి. చిలుకూరులో 108 ప్రదక్షిణలు నేనూ చేయించాను మా వాళ్ల చేత, తప్పేం లేదు. ఫారం మాత్రం నిజం రాసి వెళ్లండి.

అపోహ: వీసా పదేళ్లది, సిటిజన్‌తో పెళ్లయింది, గడువు దాటినా ఏం కాదు.

ఎన్నాళ్లు ఉండాలో చెప్పేది పాస్‌పోర్టులో స్టాంపు వేసిన వీసా కాదు, ఐ-94. అది సాధారణంగా ఆరు నెలలు. సిటిజన్ జీవిత భాగస్వామి అక్కడే ఐ-485 వేస్తే ఓవర్‌స్టే అడ్డం రాదన్నది నిజమే. కానీ ఫైల్ చేయకుండా, ఐ-94 గడువు ముగిశాక ఇంకో 180 రోజులు దాటి ఉండిపోయి దేశం దాటితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు లోపలికి రానివ్వరు. 2025 ఆగస్టులో యూఎస్‌సీఐఎస్ ఇంకో మాట స్పష్టంగా రాసింది: ఫ్యామిలీ పిటిషన్ అప్రూవ్ అయినంత మాత్రాన స్టేటస్ వచ్చినట్టు కాదు, దేశం నుంచి పంపే చర్య ఆగదు.

అపోహ: అప్లై చేశాక ఒకసారి ఇంటికి వచ్చి వెళ్లొచ్చు.

అడ్వాన్స్ పెరోల్ (వెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) చేతిలో లేకుండా విజిట్ మీద వెళ్లినవాళ్లు విమానం ఎక్కితే ఐ-485ని వదులుకున్నట్టే లెక్క. వినడానికి చిన్న నియమమే. ఇక్కడ తాతయ్య పోయి, పదకొండో రోజుకైనా రావాలని అమ్మాయి ఫోన్లో ఏడుస్తుంటే దాని బరువు తెలుస్తుంది. వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఉద్యోగం కూడా చేయకూడదు. మన అమ్మాయిలు బీటెక్ చేసి ఇక్కడ సంపాదించుకుంటూ వెళ్తారు. ఆ నెలలు ఇంట్లో కూర్చోవడం గురించి పెళ్లికి ముందే మాట్లాడుకోవాలి.

అపోహ: పెళ్లి ఆల్బమ్ చూపిస్తే చాలు.

తలంబ్రాల ఫొటోలు మంచివే. అంతకన్నా ఇద్దరి పేరు మీద అద్దె అగ్రిమెంటు, జాయింట్ అకౌంట్, ఇన్సూరెన్సు, టాక్స్ రిటర్న్‌కి విలువ ఎక్కువ. అబ్బాయి ఆదాయం పేదరిక రేఖకి 125 శాతం ఉన్నట్టు ఐ-864లో (స్పాన్సర్ ఇచ్చే ఆర్థిక హామీ పత్రంలో) చూపాలి. మెడికల్ ఫారం ఐ-693ని 2024 డిసెంబర్ 2 నుంచి ఐ-485తో పాటే పెట్టాలి.

మా వైపు చిక్కంతా బర్త్ సర్టిఫికెట్‌లో ఉంటుంది. పేరు కాలమ్ ఖాళీగా ఉండటం, టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం రోజూ చూసేదే. ఎంట్రీయే లేకపోతే జీహెచ్ఎంసీ నుంచి నమోదు లేదన్న ధృవపత్రం తీసుకుని, దానికి తల్లిదండ్రుల అఫిడవిట్లు జతచేస్తాం. ఇవన్నీ అమ్మాయి విమానం ఎక్కకముందు చేసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

అపోహ: కార్డు వచ్చిందంటే అయిపోయింది.

అప్రూవల్ నాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల కండిషనల్ కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో, ఆ కండిషన్ తీసేయమని ఐ-751 వేయాలి. మర్చిపోయేవాళ్లు ఉన్నారు.

అపోహ: ఏ దేశమైనా ఇంతే.

బ్రిటన్‌లో మామూలు విజిటర్ వీసా మీద పెళ్లి చేసుకోనే కూడదు, దానికి వేరే మ్యారేజ్ విజిటర్ వీసా ఉంది. దాని మీద వెళ్లినా అక్కడే స్పౌస్ వీసాకి మారడం కుదరదు, తిరిగొచ్చి వేయాల్సిందే. 2024 ఏప్రిల్ 11 నుంచి స్పాన్సర్ ఆదాయం ఏడాదికి 29,000 పౌండ్లు ఉండాలి. కెనడాలో లోపలి నుంచే స్పాన్సర్‌షిప్ వేయవచ్చు కానీ తిరస్కరిస్తే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి వెళ్లే హక్కు ఉండదు. ఆస్ట్రేలియాలో 820 అనే పార్ట్‌నర్ వీసాకి అక్కడి నుంచే వేసుకోవచ్చు. అయితే విజిట్ వీసా గ్రాంట్ లెటర్‌లో 8503 అనే షరతు (ఇంకా ఉండేందుకు అక్కడి నుంచి వేరే వీసా వేయకూడదు అన్నది) ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. టికెట్ బుక్ చేయకముందు ఆ లెటర్ తీసి ఆ నంబర్ ఉందో లేదో చూసుకోండి.