గర్భసంచి తీయించేసుకుంటే క్యాన్సర్ భయం పోతుందా? అపోహలు - వాస్తవాలు

పోయిన సోమవారం ఓపీకి 34 ఏళ్ల అమ్మాయి వచ్చింది. చేతిలో స్కానింగ్ కవరు, ఒళ్లో పర్సు, పక్కన వాళ్లత్త. కూర్చోకముందే అత్తగారు మొదలుపెట్టారు. "డాక్టరమ్మా, దీనికి గర్భసంచికి పుండు పడిందంట. వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుందంట. ఇద్దరు పిల్లలు పుట్టారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయింది. ఇంక ఆ సంచితో పనేముంది? తీసేయండి."

అమ్మాయి మాట్లాడలేదు. పర్సు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. "నీకేం బాధగా ఉందమ్మా?" అని అడిగితే కళ్లనిండా నీళ్లు. "తెల్లబట్ట అవుతోంది మేడమ్. నాకు క్యాన్సర్ వస్తే పిల్లలు ఏమైపోతారు?"

స్కాన్ రిపోర్టులో గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉందని రాశారు. రెండు కాన్పులైన మనిషికి అంతే ఉంటుంది. వేరేచోట ఆపరేషన్‌కి తేదీ ఖాయమైంది, అడ్వాన్సు కూడా కట్టేశారు. "పాప్ స్మియర్ చేశారా?" అంటే అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గర్భసంచి మూతి దగ్గర కాసిని కణాలు తీసి, మార్పులున్నాయేమో చూసే పరీక్ష అది.

ఇరవై రెండేళ్లుగా ఈ మాట వింటున్నాను. పుండు, తెల్లబట్ట, క్యాన్సర్, ఆపరేషన్. నాలుగు మాటలూ ఒకే దండలో గుచ్చేసి ఎవరో చెబుతారు, ఆడవాళ్లు బెదిరిపోయి డబ్బు వడ్డీకి తెచ్చుకుని మరీ టేబులెక్కుతారు. అందుకే ఈరోజు అన్నిటికన్నా ముందు దీని గురించే రాస్తున్నాను.

అపోహ: "గర్భసంచికి పుండు ఉంటే క్యాన్సర్ అవుతుంది. ముందే తీయించేసుకుంటే గొడవ వదులుతుంది."

ముందు ఆ పుండు సంగతి. పెదవి తిప్పి చూసుకోండి, లోపలంతా ఎర్రగా, తడిగా ఉంటుంది. దాన్ని పుండు అనం కదా. గర్భాశయ ముఖద్వారం, అంటే గర్భసంచి కింది మూతి, దాని లోపలి పొర కూడా అలాగే ఎర్రగా ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లలో, కాన్పులైనవాళ్లలో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఆ పొర కొంచెం బయటికి తిరిగి కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో దాన్ని ఎరోజన్ అనేవారు. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి పుండు అయి కూర్చుంది. అది పుండూ కాదు, క్యాన్సర్‌కి తొలిమెట్టూ కాదు. దానివల్ల కొందరికి తెల్లబట్ట కాస్త ఎక్కువ అవుతుంది. దురద, వాసన ఉంటే అది ఇన్ఫెక్షన్. చాలావరకు మాత్రలతో తగ్గుతుంది, కొన్నిటికి భర్త కూడా మందు వాడాలి.

ఈ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కి దాదాపు ప్రతి కేసులోనూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి తేల్చినందుకే హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. వైరస్ చాలామందికి సోకుతుంది, ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం పోకుండా పాతుకుపోయి, కణాల్ని మెల్లగా మారుస్తుంది. అక్కడినుంచి క్యాన్సర్ అవడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది. ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు ఎన్నో లేవు. ఆ వ్యవధిలో ఎప్పుడు చూసినా మార్పు దొరుకుతుంది, దొరికితే ఓపీలోనే తీసేయవచ్చు. స్కానింగ్‌లో మాత్రం ఆ మార్పు కనపడదు. దయచేసి ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. స్కాన్ చూసి "క్యాన్సర్ అయ్యేలా ఉంది, తీసేద్దాం" అని ఎవరన్నా అంటే, పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ టెస్టు గానీ చేయకుండా ఆ మాట ఎలా అన్నారని అడగండి. అడగడం మీ హక్కు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకి మూడు పైచిలుకు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ వందకి ఎనిమిది పైనే. అదే సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశంలో వందకి ఇద్దరు కూడా లేరు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు కడుపు రగులుతుంది. అవసరం లేని పెద్ద ఆపరేషన్‌కి వెళ్తున్నాం, అవసరమైన అయిదు నిమిషాల పరీక్షకి వెళ్లడం లేదు.

పెద్ద గడ్డలున్నా, మందులకి తగ్గని రక్తస్రావం ఉన్నా ఆపరేషన్ చేయాల్సిందే, నేనూ చేస్తాను. క్యాన్సర్ భయంతో, పరీక్ష లేకుండా తీయడం గురించే నా బాధంతా. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే 34 ఏళ్లకే ముట్టు ఆగిన శరీరం అయిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు పెరగడం. కూలికి వెళ్లే ఆడమనిషికి నెలల తరబడి బరువు ఎత్తే వీలుండదు. పైగా కొన్ని ఆపరేషన్లలో పైభాగం తీసి ముఖద్వారం అలాగే వదిలేస్తారు. క్యాన్సర్ వచ్చే చోటు అక్కడే మిగిలి ఉంటుంది, ఆవిడ మాత్రం ఇంక భయం లేదనుకుంటుంది. మీకు ఆపరేషన్ అయి ఉంటే డిశ్చార్జి కాగితంలో ఏం తీశారో చదివించుకోండి.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకావిడ వచ్చింది, 41 ఏళ్లు. కలయిక తర్వాత రక్తం కనిపిస్తోందని మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒక నర్సింగ్ హోంకి వెళితే, స్కాన్ తీసి గర్భసంచి తీసేశారు. ముందు పాప్ స్మియర్ లేదు. తీసిన సంచిని బయాప్సీకి పంపలేదు. ఎనిమిది నెలలకి మళ్లీ రక్తం. నా దగ్గరికి వచ్చినప్పుడు చీరకొంగుతో ముక్కు మూసుకుని, "వాసన వస్తోంది, మీకు ఇబ్బందేమో" అని తనే క్షమాపణ చెప్పింది. కుట్లు వేసిన చోట గడ్డ, ముట్టుకుంటే రక్తం. అప్పటికే ఆపరేషన్ రోజున ఆమెకి క్యాన్సర్ ఉంది, చూసినవాళ్లు లేరు.

ఇలాంటప్పుడు నష్టం ఎక్కడ జరుగుతుందో చెబుతాను. ముఖద్వార క్యాన్సర్ ముందే తెలిస్తే, తొలి దశలో చుట్టూ ఉన్న కణజాలంతో సహా తీసే వేరే పెద్ద ఆపరేషన్ ఉంది. దశ దాటితే రేడియేషన్. ఆ రేడియేషన్‌లో ముఖ్యమైన భాగం లోపలినుంచి ఇస్తారు. సన్నని గొట్టాన్ని గర్భసంచిలోకే పంపి, అక్కడినుంచి గడ్డకి డోసు అందేలా చేస్తారు. ఆ సంచే లేకపోతే గొట్టం పెట్టడానికి చోటు లేదు, చుట్టూ మూత్రాశయం, పేగులు. సరిపడా డోసు ఇవ్వడమే కష్టమవుతుంది. అంటే పరీక్ష లేకుండా చేసిన మామూలు హిస్టరెక్టమీ (గర్భసంచి తీసే ఆపరేషన్) క్యాన్సర్‌ని ఆపకపోగా, దాని వైద్యానికే అడ్డం పడుతుంది. ఆవిడని క్యాన్సర్ ఆసుపత్రికి పంపాను. రెండేళ్లు బతికింది. ఆమెది తప్పేమీ లేదు. భయపడింది, డాక్టరు చెప్పింది నమ్మింది.

అపోహ: "నాకేం బాధ లేదు, నాకెందుకు టెస్టు?"

బాధ లేనప్పుడే చేయించుకోవాలి. కణాలు మారుతున్న ఆ పదిహేనేళ్లూ నొప్పి ఉండదు, రక్తం ఉండదు. కలయిక తర్వాత రక్తం, ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం, దుర్వాసనతో నీళ్లలా డిశ్చార్జి వచ్చాయంటే స్క్రీనింగ్ కోసం ఎదురుచూడొద్దు, ఆ వారమే వెళ్లి చూపించుకోండి.

పరీక్ష అంటే టెన్షన్ పడేవాళ్లకోసం, సోమవారం ఆ అమ్మాయికి ఏం చేశానో చెబుతాను. టేబుల్ మీద పడుకోబెట్టి, లోపలికి కనపడేలా స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి, ముందు హెచ్‌పీవీ టెస్టుకి మెత్తటి బ్రష్‌తో శాంపిల్ తీశాను. తర్వాత వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే పల్చగా కలిపి దూదితో ముఖద్వారానికి అద్దాను. గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం ఆగాను. మారిన కణాలుంటే ఆ చోటు సున్నం పూసినట్టు తెల్లగా తేలుతుంది. ఏమీ తేలలేదు. "అయిపోయిందా?" అంది. అయిపోయింది. మత్తు లేదు, కోత లేదు, అదేరోజు ఇంటికెళ్లి వంట చేసుకోవచ్చు. తెల్ల మచ్చ తేలినా క్యాన్సరని కాదు. వేడితో మాడ్చడమో, వైరు తీగతో ఆ కాస్త ముక్క తీయడమో చేస్తాం. సంచి సంచిలాగే ఉంటుంది.

ఇది పేదదేశాలకి సరిపెట్టుకునే పరీక్ష అనుకోకండి. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలతో ఈ వెనిగర్ పరీక్షే చేయించి, ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని చూపించారు. మహారాష్ట్ర ఉస్మానాబాద్ పల్లెల్లో జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ టెస్టు చేస్తేనే మరణాలు దాదాపు సగానికి పడిపోయాయని 2009లో తేలింది. ఇప్పుడు ప్రపంచమంతా హెచ్‌పీవీ టెస్టు వైపు వెళ్తోందంటే మన పల్లెల ఆడవాళ్లిచ్చిన శాంపిళ్ల పాత్ర చాలా ఉంది. 30 దాటాక హెచ్‌పీవీ టెస్టు అయిదు నుంచి పదేళ్లకోసారి చాలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి ముప్పు ఆరు రెట్లు, వాళ్లు 25 నుంచే మొదలుపెట్టి మూడు నుంచి అయిదేళ్లకోసారి చేయించుకోవాలి.

అపోహ: "ఆ హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేస్తే పిల్లలు పుట్టరు. భద్రాచలంలో పిల్లలు చనిపోయారు కదా!"

పిల్లలు పుట్టకపోవడం అనేది వట్టి పుకారు, దాని గురించి ఇంక మాట్లాడను. భద్రాచలం మాట వేరు. అది అడిగే తల్లిదండ్రుల్ని నేను ఎప్పుడూ కసరలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు వేలమందికి ప్రాజెక్టు కింద ఈ వ్యాక్సిన్ వేశారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. విచారణలో పురుగుమందు, నీళ్లలో మునగడం లాంటి కారణాలు బయటపడ్డాయి, ఆ మరణాలకి వ్యాక్సిన్ కారణమని తేలలేదు. కానీ తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. గిరిజన పిల్లల విషయంలో అలా చేయడం తప్పే. 2013లో పార్లమెంటరీ కమిటీ కూడా గట్టిగా తప్పుపట్టింది. మందు మంచిదైతే మాత్రం అడక్కుండా వేయొచ్చా?

ఆ గొడవతో 2010లో ఈ వ్యాక్సిన్ పరిశోధనలు దేశమంతా ఆగిపోయాయి. వేరే పరిశోధనలో ఉన్న కొన్ని వేలమంది అమ్మాయిలకి ఒక్క డోసు పడి ఆగిపోయింది. వాళ్లని పదేళ్లు గమనిస్తే ఒక్క డోసు కూడా రెండు మూడు డోసులతో సమానంగా కాపాడుతోందని తెలిసింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలునని చెప్పడానికి ఆ ఆధారం కూడా పనికొచ్చింది. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే వ్యాక్సిన్ వేయించుకున్న అమ్మాయిలలో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ రాలేదని 2024లో ప్రచురించారు. రువాండా లాంటి బీద దేశం 2011 నుంచే బడి పిల్లలకి వేస్తోంది. మనకి 2023 నుంచి పుణెలో తయారైన సర్వావాక్ అనే హెచ్‌పీవీ వ్యాక్సిన్ ఉంది. 9 నుంచి 14 లోపు వేయిస్తే మేలు. సూది వేశాక కొందరు పిల్లలకి కళ్లు తిరుగుతాయి, పావుగంట కూర్చోబెట్టండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఇది చెడు తిరుగుళ్లు తిరిగేవాళ్లకి వచ్చే జబ్బు." జీవితంలో ఒక్కరితోనే కాపురం చేసినవాళ్లకీ వస్తుంది. వైరస్ ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలదు, ఎప్పుడు ఎవరినుంచి వచ్చిందో ఏ టెస్టూ చెప్పదు. హెచ్‌పీవీ పాజిటివ్ రిపోర్టు పట్టుకుని భార్యని నిలదీసిన భర్తలకి ఈ మాట నేనే కూర్చోబెట్టి చెప్పాను.

"వ్యాక్సిన్ వేయించుకున్నాం, ఇంక టెస్టు అక్కర్లేదు." కావాలి. వ్యాక్సిన్ అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు, ముందే సోకినదాన్ని పోగొట్టదు.

"శుభ్రంగా కడుక్కుంటే రాదు." లోపల వాష్‌లు వాడితే ఉన్న మంచి బాక్టీరియా కూడా పోతుంది. మానేయండి.

"మా వంశంలో ఎవరికీ లేదు." ఈ క్యాన్సర్‌కి వంశంతో పెద్దగా పని లేదు.

సోమవారం సంగతి పూర్తి చేయలేదు. కోడలికి ఇన్ఫెక్షన్‌కి మాత్రలు రాసి, అడ్వాన్సు వెనక్కి అడగమని చెప్పాక, అత్తగారి వైపు తిరిగాను. 52 ఏళ్లు, ముట్టు ఆగి రెండేళ్లు. "మీరెప్పుడన్నా చేయించుకున్నారా అమ్మా?" "నాకెందుకమ్మా ఈ వయసులో, నాకేం రోగం?" అన్నారు. ఆ వయసులో మార్పులొచ్చే చోటు లోపలికి జరిగిపోతుంది, వెనిగర్ పరీక్షకి దొరకదు. అందుకే హెచ్‌పీవీ శాంపిల్ అన్నాను. టేబులెక్కనన్నారు. ఎక్కక్కర్లేదు, తెర వెనక మీరే తీసుకోవచ్చని బ్రష్ చేతికిచ్చి ఎలాగో చెప్పాను. కోడలు తెర పట్టుకుని నిలబడింది. రెండు నిమిషాల్లో ఆవిడ బయటికొచ్చి, ట్యూబు నా చేతిలో పెట్టి, "ఇంతేనా?" అన్నారు.

ఇద్దరి రిపోర్టులూ రేపు వస్తాయి. పొద్దున కోడలు ఫోన్ చేసింది. ముందు అత్తగారిది అడిగింది, తర్వాత తనది.