మాస్టారి ఇడ్లీ, మాస్టారి వంతెన

గుంటూరు,
జూన్ నెల, ఆదివారం

బుజ్జీ, చిన్నూ,

మీరు రైలెక్కిన పదో రోజున మిలిటరీ మాస్టారు పోయారు. మీ అమ్మ చెప్పే ఉంటుంది. మీరు చూసొచ్చిన ఆ బ్రాడీపేట ఇంట్లోనే, ఆ పడక్కుర్చీ పక్క మంచం మీదే, నిద్రలో. నూట రెండేళ్ళు. ఏడ్చినవాళ్ళు తక్కువ, కథలు చెప్పుకున్నవాళ్ళు ఎక్కువ. డెబ్భై దాటిన వాళ్ళం నలుగురం ఒక మూల నిలబడి "మా సారు, మా సారు" అంటుంటే, పాడె కట్టడానికి వచ్చిన కుర్రాళ్ళు మావంక వింతగా చూశారు. ఇంత ముసలాళ్ళకి కూడా సారు ఉంటాడా అని కాబోలు.

చిన్నూ, ఆ రోజు వాళ్ళ మెట్లు దిగుతూ నువ్వొక ప్రశ్న అడిగావు. "తాతయ్యా, ఎనభై ఏళ్ళ కిందట కట్టిన వంతెన ఎన్ని అడుగులో చెప్పిన తాతగారు, పొద్దున తిన్న ఇడ్లీ ఎలా మర్చిపోయారు?" నేను చెరకు రసం తాగిద్దామని మాట మార్చాను. నీ ప్రశ్న కష్టమని కాదు. మనం అక్కడ కూర్చున్న గంటలో ఆయన మూడుసార్లు కోడల్ని "టిఫిన్ పెట్టవామ్మా" అని అడిగారు కదా, ఆవిడ మూడుసార్లూ విసుక్కోకుండా "పెడతా మావయ్యా" అంది కదా, అది చూసి నా గొంతు పట్టేసింది. ఇప్పుడు చెప్తాను.

మెదడులో ఏం జరుగుతుందో డాక్టర్లు చెప్తారు. నాకు తెలిసింది ఆవకాయ. మొన్న మే నెలలో మీ నాయనమ్మ పెడుతుంటే చూశారుగా. ముక్క కొట్టించి, జీడి తీసి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచి, ఆవపిండీ ఉప్పూ కారం పట్టించి, పప్పునూనె పోసి, జాడీకెత్తి వాసెన కట్టింది. మూడో రోజు మళ్ళీ విప్పి, అడుగు నుంచి పైకి తిరగ కలిపి, ఇంకొంచెం నూనె పోసింది. అదీ కీలకం, ఆ తిరగ కలపడం. ఇక ఏడాదైనా దానికేం కాదు. మరి అదే రోజు రోట్లో నూరిన దోసకాయ పచ్చడో? సాయంత్రానికే పులిసింది. తప్పు దోసకాయది కాదు. దాన్ని నిలవకని పెట్టలేదు.

మాస్టారి వంతెన ఆవకాయ. ఇరవయ్యొక్కేళ్ళ వయసులో జాడీకెక్కింది. తర్వాత ప్రతి ఏడూ మాలాంటి పిల్లలకి చెప్తూ చెప్తూ ఆయన దాన్ని తిరగ కలుపుతూనే ఉన్నారు. ఇడ్లీ మాత్రం అసలు జాడీలోకే వెళ్ళలేదు. ముసలితనంలో జాడీ మూత బిగుసుకుపోతుంది చిన్నూ. లోపలున్నది లోపల భద్రం, కొత్తది లోపలికి పోదు. ఇడ్లీ పళ్ళెంలోనే ఉండిపోయింది. అందుకని ఆయనది మతిమరుపు అనకూడదు... అంటే, మతిమరుపే అనుకో, కానీ బద్ధకం లాంటి మతిమరుపు కాదు. మీ నాన్న కరెంటు బిల్లు మర్చిపోతాడే, అలాంటిది అసలే కాదు.

అయితే ఈ ఆవకాయ పోలిక ఒకచోట చెడుతుంది, ఒప్పుకుంటాను. తిరగ కలిపిన కొద్దీ కథ రుచి మారుతుంది. బర్మా అడవిలో ఆయన చూసిన కొండచిలువ నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు రెండు బారలుండేది. మా తమ్ముడు ఆరుకొచ్చేసరికి నాలుగు బారలైంది. వంతెన మాత్రం 1,154 అడుగులు. ఎన్నడూ 1,155 కాలేదు.

ఆ వంతెన ఏదో చెప్పాలిగా. 1942లో జపాను వాళ్ళు బర్మాని పట్టుకున్నారు. ఆ ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు వేశారు. ఆ ఏడాదే మాస్టారు పట్టాళంలో చేరారు. తుపాకీ పని కన్నా దారులు వేసే పని, వంతెనలు కట్టే పని. 1944 డిసెంబరులో బర్మాలో కలేవా అనే ఊరి దగ్గర చింద్విన్ నది మీద వాళ్ళొక వంతెన వేశారు. బెయిలీ వంతెన అంటారు. మన కృష్ణలో బండ్లనీ మనుషుల్నీ దాటించే పంట్లు ఉంటాయే, అలాంటివి వరసగా నీళ్ళ మీద నిలిపి, వాటిపైన ఇనప చట్రాలు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవడం. అప్పటికి ప్రపంచంలో ఉన్న బెయిలీ వంతెనలన్నిటిలోకీ అదే పొడుగు. అది కట్టినవాళ్ళు బర్మాలో జపానుతో పోరాడిన బ్రిటిషు వారి 14వ సైన్యం వాళ్ళు. బయట ఎవరికీ పట్టక, తమని తామే 'మరిచిపోయిన సైన్యం' అనుకున్నవాళ్ళు.

మాకు లెక్కలు ఆ వంతెన మీదే నడిచాయి. "ఒక చట్రం బరువు 570 పౌన్లు. మొయ్యడానికి ఆరుగురు. మనిషికెంతరా?" తొంభై అయిదు పౌన్లు సార్. "కిలోల్లో చెప్పు." అప్పుడప్పుడే మణుగులూ వీశెలూ పోయి కిలోలొచ్చిన రోజులు, అయ్యవార్లకే తికమకగా ఉండేది. నలభై మూడు సార్. "నలభై మూడు కిలోలంటే ఏంటి?" ఎవరూ పలకలేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూపించారు. మిర్చి టిక్కీలు వేసుకుని ఎడ్లబండి పోతోంది. "ఇంచుమించు ఒక టిక్కీ. మనిషికో టిక్కీ భుజాన పెట్టుకుని, ఆరుగురూ ఒకే అడుగు వెయ్యాలి. ఒకడు తొందరపడినా అయిదుగురి నడుము పోతుంది." నాకు భాగహారం అప్పుడు వచ్చింది. గుంటూరులో పుట్టినవాడికి మిర్చి టిక్కీ బరువు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నేను కాస్త అతితెలివి. లేచి, "సార్, ఒక్కో చట్రం పది అడుగులన్నారు. పదితో ఎంత గుణించినా 1,154 రాదు. ఆ నాలుగడుగులు ఎక్కడివి?" అన్నాను. తన్నులు ఖాయమనుకున్నాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి చాలాసేపు నవ్వారు. "అతుకులు నీ లెక్కలోకి రాలేదురా" అని, ఆ సుద్దముక్క నాకే ఇచ్చేశారు. అది నాలుగేళ్ళు దాచాను. తర్వాత మా చెల్లెలు దాంతో ముగ్గు వేసేసింది.

మిలిటరీ మాస్టారంటే బెత్తం ఆడిస్తారనుకునేవాళ్ళు కొత్తగా చేరిన పిల్లలు. ఆయనకి బెత్తమే లేదు. ఆయన కోపమంతా దోమల మీద. బర్మాలో తూటాల కన్నా జ్వరాలకి పడిపోయినవాళ్ళే ఎక్కువట. మలేరియా రాకుండా రోజూ మెపాక్రిన్ మాత్రలు మింగితే ఒళ్ళంతా పచ్చబడేదట. "పెళ్ళికొడుకుల పట్టాళంలా ఉండేవాళ్ళం" అనేవారు. మా బడి వెనక గుంటలో నీళ్ళు నిలిస్తే కిరసనాయిలు చల్లించేవారు. పైన నూనె తెట్టు కట్టేసరికి లోపలి దోమపిల్లలకి ఊపిరాడదు. ఈ చల్లే వంతు తప్పించుకోవడానికి మేం పడ్డ పాట్లు ఇంకో ఉత్తరంలో రాస్తాను. తప్పించుకున్నది తప్పే. ఆ గుంట పక్కనే కూర్చుని చదివింది మేమేగా.

యుద్ధం అయ్యాక చదువు పూర్తిచేసి పంతులయ్యారు. 1981లో రిటైరయ్యారు. ఆ తర్వాత నలభై నాలుగేళ్ళు! జీతం తీసుకున్న ఏళ్ళ కన్నా పింఛను తీసుకున్న ఏళ్ళే ఎక్కువ. ఒకసారి పింఛను కోసం బతికే ఉన్నట్టు కాగితం ఇమ్మంటే ఒక గుమాస్తా ఈయన్ని చూసి, "మీ నాన్నగారు రాలేదా" అన్నాడట. ఈ కథ మాత్రం తిరగ కలిపినప్పుడల్లా బాగుపడింది.

ఒకటి మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ప్రతి కథా వంతెన పూర్తవడంతోనే ఆగేది. సైన్యం వంతెన దాటింది. తర్వాత? మాలో ఒకడు అడిగాడు కూడా. "అవతలేముంటుందిరా, దారి" అన్నారు. ఆయన ఈడు కుర్రాళ్ళు, తలో టిక్కీ బరువు మోసినవాళ్ళు, ఆ దారిన ఎందరు పోయారో, ఎందరు వెనక్కొచ్చారో. నేను పెద్దవాణ్ణయ్యాక, ఉద్యోగం మానేశాక, ఆయన పక్కన కూర్చుని ఎన్నో సాయంత్రాలు గడిపాను. ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. మూత బిగుసుకోవడం వేరు, చేత్తో వాసెన కట్టి పైన పెట్టెయ్యడం వేరు. ఈ రెండోది నీ ప్రశ్నలో లేదు చిన్నూ. అయినా రాయాలనిపించింది.

1965లో, నేను ఆరో తరగతిలో ఉండగా, ఆయన మమ్మల్ని బెజవాడ తీసుకెళ్ళారు. ప్రకాశం బ్యారేజీ అప్పటికి ఎనిమిదేళ్ళ కిందట పూర్తయింది. సీతానగరం దగ్గర బస్సు దిగి, ఆయన ముందు, మేం వెనక, అంగలు లెక్కపెట్టుకుంటూ బ్యారేజీ మీద నడిచాం. ఒకచోట ఆగి, "ఇంతరా. ఇంత పొడుగు" అన్నారు. అటు చూస్తే ఇంద్రకీలాద్రి ఇంకా దూరంగానే ఉంది. బ్యారేజీలో మూడో వంతు కూడా రాలేదు. మా అందరికీ ఉసూరుమనిపించింది. ప్రపంచంలోకెల్లా పొడుగైంది ఇంతేనా సార్ అన్నాం. ఆయన జేబులోంచి వేరుశనక్కాయల పొట్లం తీసి పంచిపెట్టి, తను తినకుండా నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు. మేం పొట్టు ఎవరిది ఎక్కువ దూరం పడుతుందోనని పందేలు కాసుకున్నాం.

దసరాకి వస్తారుగా. అప్పటికి కృష్ణలో నీళ్ళుంటాయి. మన వరండాలో పలకలు అడుగువి. ఒక్కో అంగకి రెండు పలకలు దాటేలా ముందే సాధన చెయ్యండి. అలా 577 అంగలు. సీతానగరం వైపు నుంచే మొదలుపెడదాం. ఆటోలు తిరుగుతుంటాయి కనుక బుజ్జి నా చెయ్యి వదలకూడదు. లెక్క మాత్రం చిన్నూదే, మధ్యలో నేను మాట్లాడించినా తప్పకూడదు. అయిదొందల డెబ్భై ఏడు దగ్గర ఆగి, పిట్టగోడ పట్టుకుని కిందికి చూడండి. వేరుశనక్కాయలు నేను తెస్తాను.

మీ
తాతయ్య