కేసింగ్ ఎన్ని ఫీట్లు?

2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నర కావస్తుండగా మా హనుమకొండ ఇంట్లో గిన్నెలు గలగలలాడాయి. ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో భూకంపం. ఆ రోజంతా ఊళ్లో ఒకటే మాట: "మీ దగ్గర ఎంతసేపు ఊగింది?" నన్నడిగితే దానికంటే ముందు అడగాల్సింది వేరే ఉంది. మీ బోరుకు కేసింగ్ ఎన్ని ఫీట్లు పడింది?

బోరు బండివాళ్లు మట్టి, మొరం ఉన్నంతవరకే కేసింగ్ పైపు దించుతారు, గట్టి రాయి తగలగానే ఆపేస్తారు. కాబట్టి రాయి మీద ఎంత మందాన మెత్తటి పొర ఉందో ఆ పైపే చెబుతుంది. భూకంపం ఊపు మారిపోయేది ఆ పొరలోనే. నేలను అడ్డంగా ఊపే తరంగాలు గ్రానైటులో సెకనుకు దాదాపు 3 కిలోమీటర్లు పోతాయి. బంకమట్టిలో ఆ వేగం 200 మీటర్లకు పడిపోవచ్చు. వేగం తగ్గినా మోసుకొచ్చిన శక్తి పోదు కదా, ఊపు పెరుగుతుంది.

పైగా ప్రతి పొరకూ తనదైన లయ ఉంటుంది, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం. మందాన్ని నాలుగుతో గుణించి తరంగ వేగంతో భాగిస్తే చాలు. 30 మీటర్ల మట్టి, 200 మీటర్ల వేగం అనుకోండి: 0.6 సెకను. ఆరంతస్తుల భవనం ఊగేదీ ఇంచుమించు అదే లయలో. 1985లో మెక్సికో నగరాన్ని దెబ్బతీసింది ఇలాంటి పొత్తే. భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల అవతల ఉంది, కానీ నగరంలో చాలా భాగం పాత సరస్సు బంక మీద నిలబడింది. ఆ నేల రెండు సెకన్ల లయలో ఊగితే మధ్య ఎత్తు భవనాలే ఎక్కువగా కూలాయి. చెరువులు పూడ్చి ప్లాట్లు వేసేవాళ్లకు ఈ కథ ఎవరైనా చెప్పాలి.

మాకు గ్రానైటు గుట్టలు కళ్లముందే ఉన్నాయి. భూపాలపల్లి వైపు వెళ్తే వేరే లోకం. ప్రాణహిత–గోదావరి లోయలో నేల కుంగుతూ, కోట్ల ఏళ్లపాటు ఇసుక, బురద, చెట్టూచేమా పేరుకుని ఇసుకరాయి, సింగరేణి బొగ్గు అయ్యాయి. అక్కడ అడుగురాయి కిలోమీటర్ల లోతున ఉంటుంది, ఏ బోరు బండికీ అందదు. ఇసుకరాయి బంకమట్టిలా ఊగదు, నిజమే. కానీ మందం పెరిగేకొద్దీ లయ నెమ్మదిస్తుంది, ఆ నెమ్మది ఊపు తగిలేది ఎత్తైన కట్టడాలకు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కంపించింది ఈ లోయ ప్రాంతమే.

మరి అంత లోతు చూసేదెలా? నాకు నచ్చిన పద్ధతి, ఊరికే వినడం. కంపనాలు కొలిచే పరికరాలను నేల మీద అక్కడక్కడా పెట్టి వదిలేస్తారు. లారీలు, రైళ్లు పుట్టించే చురుకైన కంపనాలు పైపొరల కబురే చెబుతాయి. సముద్రపు అలలు నేలను తట్టే చప్పుడు మాత్రం చాలా సెకన్ల నిడివితో, మన చెవికి అందకుండా, ఇంత దూరం వస్తుంది. తరంగం ఎంత పొడవైతే అంత లోతు తడుముతుంది. ఒక పరికరం నుంచి ఇంకోదానికి అది ఏ వేగంతో చేరిందో చూస్తే కింద ఉన్నది మెత్తనో గట్టో తేలుతుంది. భూకంపం వచ్చేదాకా ఆగక్కర్లేదు.

మా బోరు కేసింగ్ 40 ఫీట్లు. వీధి చివర, ఒకప్పుడు కుంట ఉండేదని పెద్దవాళ్లు చెప్పే చోట, 90 పడిందట. 90 ఫీట్లంటే 27 మీటర్లు. అక్కడిప్పుడు ఐదో స్లాబు వేస్తున్నారు.